ఈమెయిల్ సబ్‌స్క్రైబర్ల కోసం ఒక్క పేజీ కట్టాలంటే ఏ దారి మంచిది?

కావాల్సింది ఒక్క పేజీ. పైన ఒక హెడ్డింగ్, కింద రెండు మూడు వాక్యాలు, ఈమెయిల్ టైప్ చేయడానికి ఒక గడి, ఒక బటన్. ఇంత చిన్న పనికి ఏ టూల్ వాడాలా అని వెతకడం మొదలుపెడితే పూటంతా గడిచిపోతుంది గానీ పేజీ మాత్రం మొదలవదు. నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా "దేంతో చేస్తే పేజీ అందంగా వస్తుంది?" అనే అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఎవరైనా ఆ బటన్ నొక్కాక వాళ్ల అడ్రస్ ఎక్కడికి వెళ్తుంది?

పేజీ నచ్చకపోతే ఒక పూటలో మార్చేయొచ్చు. లిస్టుతో అలా కుదరదు. అందులో ఉన్న ప్రతి అడ్రసూ ఒక మనిషి మనల్ని నమ్మి ఇచ్చింది. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు కన్ఫర్మ్ చేశారు, ఎవరు వద్దనుకుని వెళ్లిపోయారు అన్న లెక్క ఒకసారి చెదిరిందంటే మళ్లీ కూర్చుకోవడం చాలా కష్టం. అందుకే ముందు మెయిల్ పంపే సర్వీసును ఎంచుకోవాలి, ఆ తర్వాతే పేజీ సంగతి చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ మొదట అదే చేశాను.

ఫారం, షీట్‌తో మొదలుపెడితే

నా మొదటి లిస్టు ఒక ఉచిత ఫారంతో మొదలైంది. ఎవరైనా నింపితే వాళ్ల అడ్రస్ స్ప్రెడ్‌షీట్‌లో కొత్త వరుసగా వచ్చి చేరేది. పది నిమిషాల్లో అంతా సిద్ధమైంది. వరుసలు పెరుగుతుంటే చూసి సంబరపడ్డాను. ఇబ్బంది ఎక్కడుందో మొదటి ఉత్తరం పంపిన రోజు తెలిసింది. అడ్రస్‌లన్నీ కాపీ చేసి, ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపించని బీసీసీ గడిలో పేస్ట్ చేసి పంపాను. కొన్ని వెంటనే వెనక్కి వచ్చాయి. జీమెయిల్ అని కొట్టబోయి తొందరలో అక్షరాలు అటూ ఇటూ కొట్టినవాళ్లవి అవి. కొందరికి స్పామ్‌లో పడింది. ఒకావిడ "దయచేసి నన్ను లిస్టులోంచి తీసేయండి" అని మర్యాదగా రాశారు. తీసేస్తానని జవాబిచ్చాను గానీ షీట్‌లో తీయడం మర్చిపోయాను. రెండో ఉత్తరం కూడా ఆవిడకు వెళ్లింది. ఈసారి ఆవిడ కోపంగా రాశారు, ఆ కోపం న్యాయమైనదే. ఒక మనిషి వద్దని చెప్పాక కూడా వాళ్ల ఇన్‌బాక్స్‌లోకి వెళ్లడం చిన్న తప్పు కాదు.

గూగుల్ ఫారమ్స్ లాంటివి చెడ్డవని చెప్పడం లేదు. ఒక్కసారి జరిగే కార్యక్రమానికి పేర్లు తీసుకోవడానికి, ఒకరికొకరు తెలిసిన చిన్న బృందానికి అవి చక్కగా పనికొస్తాయి. క్రమం తప్పకుండా ఉత్తరాలు రాయాలనుకుంటే మాత్రం వద్దు. అడ్రస్ నిజమో కాదో అవి సరిచూడవు, ప్రతి ఉత్తరం కింద అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పెట్టవు, వెళ్లిపోయినవాళ్లను గుర్తుపెట్టుకోవు. పైగా మామూలు జీమెయిల్ అకౌంట్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. లిస్టు పెరగాలని కోరుకుంటూ, పెరిగితే పనిచేయని పద్ధతిని ఎంచుకోవడం ఎందుకు?

మెయిల్ సర్వీసు ఇచ్చే పేజీ

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, 2024 దాకా కన్వర్ట్‌కిట్ అన్న పేరుతో ఉన్న కిట్ లాంటి సర్వీసుల్లో మెయిళ్లు పంపే ఏర్పాటుతో పాటు ల్యాండింగ్ పేజీ, అంటే మనకు కావాల్సిన ఈ ఒక్క పేజీ, తయారుచేసుకునే వీలు కూడా ఉంటుంది. ఒక టెంప్లేట్ తీసుకుని, మాటలు మార్చి, రంగు మార్చి, పబ్లిష్ నొక్కితే చాలు. పేజీ, ఫారం, లిస్టు, ఉత్తరం, అన్‌సబ్‌స్క్రైబ్ అన్నీ ఒకే చోట ఉంటాయి. వాటి మధ్య తీగలు కలిపే పని మనకు ఉండదు, కాబట్టి తెగేవి కూడా ఉండవు. ఫారం పనిచేస్తోందా లేదా అని అర్ధరాత్రి టెన్షన్ పడక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. టెంప్లేట్ ఒప్పుకున్నంత వరకే మార్పులు చేయగలం. ఉచిత ప్లాన్‌లో చాలా సర్వీసులు పేజీ కిందో ఉత్తరం కిందో తమ లోగో పెడతాయి. పేజీ అడ్రస్ కూడా వాళ్ల డొమైన్ (సైట్ పేరు) కిందే ఉంటుంది. ఇందులో లోగో గురించి నేను పెద్దగా పట్టించుకోను, చదివేవాళ్లూ పట్టించుకోరు. పేజీ అడ్రస్ మాత్రం ముఖ్యం. ఆ లింకును మీరు నలుగురికీ ఇస్తారు, ప్రొఫైల్‌లో పెడతారు, ఎక్కడైనా ముద్రిస్తారు. రేపు సర్వీసు మారితే ఆ లింకులన్నీ చచ్చిపోతాయి. సొంత డొమైన్ కొనుక్కుని, దాన్ని ఈ పేజీకి తగిలిస్తే ఆ బాధ తప్పుతుంది. సర్వీసు మారినా అడ్రస్ మారదు. కొన్ని సర్వీసులు దీన్ని డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఇస్తాయి. అలాంటప్పుడు డొమైన్‌ను ప్రస్తుతానికి ఈ పేజీకి రీడైరెక్ట్ చేసి, అంటే అది తెరిస్తే ఈ పేజీకే వచ్చేలా, పెట్టుకున్నా సరిపోతుంది.

ఎంచుకునే ముందు ధరల పట్టికలో ఒక విషయం తప్పకుండా చూడండి. చాలా సర్వీసులు లిస్టులో ఎంతమంది ఉన్నారన్న లెక్కనబట్టి డబ్బు తీసుకుంటాయి. కొన్ని పంపిన మెయిళ్ల లెక్కనబట్టి తీసుకుంటాయి. నెలకు ఒకే ఉత్తరం రాసేవాళ్లకు రెండో పద్ధతి కలిసొస్తుంది, రోజూ రాసేవాళ్లకు మొదటిది. ఉచిత ప్లాన్ గీత ఎక్కడుందో చూసి ఊరుకోకుండా, ఆ గీత దాటిన మరుసటి నెల ఎంత కట్టాలో కూడా చూసుకోండి.

సబ్‌స్టాక్ లాంటి వేదికలు

ఉత్తరాలు రాసి పాఠకులకు పంపే వేదిక సబ్‌స్టాక్ 2017లో మొదలైంది. అలాంటిదే బీహైవ్ 2021లో వచ్చింది. ఇక్కడ సైనప్ పేజీ విడిగా కట్టే పనే లేదు, అకౌంట్ తెరవగానే పేజీ పుడుతుంది. రాసిన ప్రతి ఉత్తరమూ వెబ్‌లో కూడా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు పాతవి చదివి చేరతారు. రాయడమే మీ పని అయితే, టెక్నికల్ విషయాల మీద అస్సలు మనసు లేకపోతే ఇది హాయి. సబ్‌స్టాక్‌లో ఉచితంగా రాసినన్నాళ్లూ మీరేమీ కట్టక్కర్లేదు. పాఠకుల దగ్గర డబ్బు తీసుకోవడం మొదలుపెడితే అందులో 10 శాతం వాళ్లకు పోతుంది. కార్డు చెల్లింపుల ఫీజు దానికి అదనం.

మీకు ఒక వస్తువో కోర్సో సేవో ఉండి, దాని కోసం సబ్‌స్క్రైబర్లను చేర్చుకుంటుంటే ఈ దారి అంత నప్పదు. పేజీ మీ దుకాణంలా కాకుండా వాళ్ల వేదికలో ఒక గదిలా కనిపిస్తుంది. చేరినవాళ్లకు మీ ఉత్తరంతో పాటు వేరేవాళ్ల సిఫారసులూ కనిపిస్తాయి.

ఇలాంటి వేదికలు మూతపడటం కొత్తేమీ కాదు. ట్విట్టర్ చేతిలో ఉన్న రెవ్యూ 2023 జనవరిలో మూతపడింది. మెయిల్‌చింప్ నడిపిన టైనీలెటర్ 2024 ఫిబ్రవరి 29న ఆగిపోయింది. రెండింట్లోనూ వేలకొద్దీ మాటలు రాసుకున్నవాళ్లు గడువులోపు లిస్టు డౌన్‌లోడ్ చేసుకుని వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకని ఏ సర్వీసులోనైనా చేరిన రోజే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో చూడండి. ఒకసారి సీఎస్‌వీ ఫైల్ (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టిక) దింపుకుని తెరిచి చూడండి. అడ్రస్‌తో పాటు చేరిన తేదీ, ఇప్పటి స్థితి కూడా వస్తున్నాయా? వెళ్లిపోయినవాళ్ల లిస్టు కూడా విడిగా వస్తోందా? ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. సర్వీసు మారినప్పుడు వెళ్లిపోయినవాళ్ల లిస్టు వెంట తీసుకెళ్లకపోతే, పాత ఫైలు ఏదో ఎక్కించిన రోజు వాళ్లకు మళ్లీ మెయిల్ వెళ్తుంది. నేను ఆవిడకు చేసిన తప్పు అప్పుడు ఒక్కరికి కాదు, అందరికీ జరుగుతుంది.

పేజీ ఒక చోట, లిస్టు ఒక చోట

కార్డ్ (Carrd) అనే టూల్ ఒక్క పేజీ సైట్ల కోసమే పుట్టింది. దాంట్లో పేజీ నిజంగానే అందంగా వస్తుంది, ఫోన్‌లోనూ సరిగ్గా సర్దుకుంటుంది. సైనప్ ఫారం పెట్టాలంటే మాత్రం డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. ఆ ఫారంను మీ మెయిల్ సర్వీసుకు కలిపితే అడ్రస్‌లు నేరుగా లిస్టులోకి వెళ్తాయి. మెయిల్ సర్వీసు టెంప్లేట్లు నచ్చనివాళ్లకు, కోడ్ రాయడం రానివాళ్లకు ఇది మంచి మధ్య దారి.

సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉంది, దాంతో చేయలేని పని దాదాపు లేదు. మీకు ఇప్పటికే వర్డ్‌ప్రెస్ సైట్ ఉంటే అందులోనే ఒక పేజీ తెరిచి ఫారం పెట్టేయండి, వేరే చోటుకు వెళ్లకండి. కానీ ఈ ఒక్క పేజీ కోసం కొత్తగా వర్డ్‌ప్రెస్ పెట్టుకోవడం అనవసరమైన బరువు. హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్) చూసుకోవాలి, థీమ్, ప్లగిన్లు (అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేస్తూ ఉండాలి, బ్యాకప్ తీసుకోవాలి. ఇంకొకటి జాగ్రత్త: కొన్ని ప్లగిన్లు ఉత్తరాలను మీ హోస్టింగ్ సర్వర్ నుంచే పంపేలా సెట్ అయి ఉంటాయి. ఆ సర్వర్‌ను ఇంకా ఎంతోమంది వాడుతూ ఉంటారు, వాళ్లలో ఒకరు స్పామ్ పంపినా ఆ మచ్చ మీ మెయిళ్లకూ అంటుతుంది. ఫారం ప్లగిన్‌ది అయినా, పంపే పని మెయిల్ సర్వీసుకే అప్పగించండి.

సొంతంగా రాసుకునే పేజీ

హెచ్‌టీఎంఎల్ కాస్త వచ్చినవాళ్లకు నాకు బాగా ఇష్టమైన దారి ఇది. ఒక్క ఫైలు. గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఎక్కడ పెట్టినా ఇంత చిన్న పేజీకి హోస్టింగ్ ఉచితమే. గిట్‌హబ్ పేజెస్‌లో ఒక సైట్‌కు 1 జీబీ దాకా చోటు ఉంటుంది, మన పేజీ కొన్ని కేబీలు దాటదు. కళ్లు మూసి తెరిచేలోగా తెరుచుకుంటుంది, అప్‌డేట్ చేయాల్సింది ఏమీ ఉండదు.

ఇలాంటి పేజీ వెనుక అడ్రస్‌లు దాచే సర్వర్ ఉండదు. ఫారంలో రాసినది మెయిల్ సర్వీసుకు వెళ్లేలా మనమే కలపాలి. దాదాపు ప్రతి సర్వీసూ ఎంబెడ్ కోడ్, అంటే మన పేజీలో అతికించుకునే ఫారం కోడ్, ఇస్తుంది. కొన్ని రెండు రకాలుగా ఇస్తాయి, ఒకటి జావాస్క్రిప్ట్‌ది, ఇంకొకటి మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం. రెండోదే తీసుకోండి. యాడ్ బ్లాకర్లు స్క్రిప్టును ఆపేస్తే మొదటి రకం ఫారం అసలు కనిపించకుండా పోతుంది. అలా జరిగిందని మీకు తెలియను కూడా తెలియదు.

ఇక్కడ ఫారం గడి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మీ పేజీలో పనిచేసే భాగం అదే. ఇన్‌పుట్ ట్యాగ్‌లో టైప్ అన్న చోట టెక్స్ట్ బదులు ఈమెయిల్ అని రాయండి. అప్పుడు ఫోన్‌లో కీబోర్డు తెరుచుకోగానే ఎట్ గుర్తు ఎదురుగా కనిపిస్తుంది. ఆటోకంప్లీట్ అన్న చోట కూడా ఈమెయిల్ అని ఇస్తే, బ్రౌజర్ ఆ మనిషి అడ్రస్‌ను తనే చూపిస్తుంది, ఒక్క తాకుతో నిండిపోతుంది. నా షీట్‌లోకి వచ్చిన తప్పు స్పెల్లింగుల్లో సగం ఈ రెండు చిన్న మార్పులతోనే తప్పేవి. గడిలో అక్షరాల సైజు 16 పిక్సెల్స్ కంటే తక్కువ పెడితే, ఐఫోన్‌లో ఆ గడిని తాకగానే పేజీ జూమ్ అయి పక్కకు జరుగుతుంది, బటన్ తెర బయటకు పోతుంది. గడి లోపల లేత రంగులో కనిపించే సూచన మీదే ఆధారపడకండి, టైప్ చేయగానే అది మాయమవుతుంది. "మీ ఈమెయిల్" అన్న లేబుల్ గడి పైన విడిగా ఉండాలి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు గడి దేనికో తెలిసేది ఆ లేబుల్‌తోనే.

బాట్‌లు (తమంతట తామే ఫారాలు నింపే ప్రోగ్రాములు) కూడా ఈ ఫారం దగ్గరికి వస్తాయి. మనుషులకు కనిపించని ఒక గడిని దాచి పెట్టి, అది నిండి వస్తే ఆ సైనప్‌ను పడేయడం పాత చిట్కా, ఇప్పటికీ చాలావరకు పనిచేస్తుంది. సర్వీసులు ఇచ్చే ఫారం కోడ్‌లో చాలాసార్లు అలాంటి గడి ముందే ఉంటుంది. అదేమిటో అర్థం కాక చెరిపేయకండి.

పేరు, ఫోన్ నంబర్ కూడా అడగాలా? నేను అడగను. ప్రతి అదనపు గడి దగ్గరా కొందరు ఆగిపోతారు. ఉత్తరం పంపడానికి అడ్రస్ ఒక్కటి చాలు. వాడని సమాచారాన్ని దగ్గర పెట్టుకుంటే దాన్ని కాపాడే బాధ్యత కూడా మీదే.

బటన్ నొక్కిన తర్వాత

ఏ దారి ఎంచుకున్నా కన్ఫర్మేషన్ మెయిల్ ఆన్ చేయమని గట్టిగా చెబుతాను. దీన్నే డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు. ఫారం నింపాక ఒక మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే లిస్టులో చేరినట్టు. కొన్ని సర్వీసుల్లో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది, కొన్నింట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే పెట్టుకోవాలి. దీనివల్ల కొందరు మధ్యలో జారిపోతారు, నిజమే. అయినా తప్పు అడ్రస్‌లు లోపలికి రావు, ఒకరి అడ్రస్‌ను ఇంకొకరు రాసినా అది లిస్టులో చేరదు. ఆ మెయిల్ సాధారణంగా ఇంగ్లిష్‌లో, ఎవరు పంపారో కూడా తెలియనట్టు ఉంటుంది. మీ పేజీ తెలుగులో ఉంటే దాన్నీ తెలుగులోకి మార్చండి. "ఇప్పుడే మీరు మా పేజీలో ఈ అడ్రస్ ఇచ్చారు. అది మీరే అయితే కింద నొక్కండి. కాకపోతే ఏమీ చేయక్కర్లేదు" అని రాస్తే చాలు.

రెండో సంగతి, పంపే అడ్రస్. మెయిల్ సర్వీసు నుంచి పంపుతూ, ఎవరు పంపారన్న చోట మీ సొంత జీమెయిల్ అడ్రస్ పెట్టకండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవాళ్ల మీద నియమాలు బిగించాయి. జీమెయిల్ అడ్రస్‌ను వేరే సర్వర్ నుంచి వాడితే అది ఎవరో మారువేషంలో వచ్చినట్టు లెక్క. సొంత డొమైన్ అడ్రస్ పెట్టుకుని, మెయిల్ నిజంగా మీ డొమైన్ తరఫునే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులను సర్వీసు చెప్పినట్టు డొమైన్ సెట్టింగ్స్‌లో చేర్చండి. పేర్లు భయపెడతాయి గానీ చేసేది నాలుగు వరుసలు కాపీ చేసి పేస్ట్ చేయడమే. జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5,000, అంతకు మించి పంపేవాళ్లకు ఇవన్నీ తప్పనిసరి. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఉండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతం లోపే ఉండాలి. మీ లిస్టు ఎంత చిన్నదైనా ఇప్పుడే పెట్టుకోవడం మేలు.

చట్టం వైపు నుంచి చూసినా ఇదే దిశ. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కపెట్టరు. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం వాణిజ్య మెయిల్‌లో పంపినవాళ్ల పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దన్నవాళ్లను 10 పనిదినాల్లో తీసేయాలి. అందుకే అకౌంట్ తెరిచేటప్పుడు చాలా సర్వీసులు పోస్టల్ అడ్రస్ అడుగుతాయి. అక్కడ రాసినది ప్రతి ఉత్తరం కిందా అందరికీ కనిపిస్తుంది. ఇంటి అడ్రస్ ఇవ్వడం ఇష్టం లేకపోతే పోస్ట్ బాక్స్ తీసుకుని అది ఇవ్వండి. ఈ సంగతి చాలామందికి మొదటి ఉత్తరం వెళ్లిపోయాక గానీ తెలియదు.

అయితే మీకు ఏది?

ఈ రోజే మొదలుపెట్టాలి, కోడ్ రాదు అంటే మెయిల్ సర్వీసు పేజీయే, రెండో ఆలోచన వద్దు. రాయడమే పని అయితే సబ్‌స్టాక్ లాంటిది తీసుకుని నెలకోసారి లిస్టు దింపుకోండి. వర్డ్‌ప్రెస్ సైట్ ముందే ఉంటే అక్కడే. కోడ్ మీద చేయి తిరిగితే సొంత పేజీ, దానికి మెయిల్ సర్వీసు ఫారం. రెండింటి మధ్య ఊగుతుంటే ఎక్స్‌పోర్ట్ సులువుగా ఉన్నదాని వైపు వెళ్లండి.

దేంతో కట్టినా పేజీ మీద మాటలు మీరే రాయాలి. "మా న్యూస్‌లెటర్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "కుండీల్లో కూరగాయలు పెంచేవాళ్ల కోసం నెలకు రెండు ఉత్తరాలు. ఒక్కోదాంట్లో ఒక్క మొక్క గురించే" అని రాసి చూడండి. ఏం వస్తుందో, ఎన్నిసార్లు వస్తుందో తెలిసిపోయింది. పాత ఉత్తరం ఒకటి లింకుగా ఇస్తే ఇంకా మంచిది. బటన్ మీద కూడా "సబ్మిట్" వద్దు, "నాకూ పంపండి" అని పెట్టండి.

లింకు బయటకు ఇచ్చే ముందు మీ ఫోన్ తీసుకుని, రెండు మూడు వేర్వేరు కంపెనీల మెయిల్ అడ్రస్‌లతో మీరే ఫారం నింపండి. కన్ఫర్మేషన్ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిందా, స్పామ్‌లోకి వెళ్లిందా చూడండి. లింకు నొక్కి చేరండి. ఒక ఉత్తరం పంపుకోండి. దాని కింద అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. తర్వాత ఇంకో ఉత్తరం పంపి, అది మీకు రాకుండా ఉంటేనే లింకు బయటపెట్టండి.